వావి వరసలు లేని డేటాబేసులు

మన వైపు పెళ్ళిళ్ళలో కొత్త మనిషి ఎవరైనా కనిపిస్తే పెద్దవాళ్ళు మొదట అడిగేది పేరు కాదు, "ఆయన మనకు ఏం వరస అవుతాడు?" అని. చిన్నాయన వరసా, మామ వరసా తేలితే గానీ ఎలా పిలవాలో, ఎంత చనువు తీసుకోవాలో తెలీదు. తెలుగులో వరస అన్న మాటకి రెండర్థాలు. ఒకటి చుట్టరికం, రెండోది క్రమం. ఈ రెండింటికీ ఒకే మాట ఉండటం ఊరికే కాదేమో అనిపిస్తుంది నాకు. ముందెవరు, పక్కనెవరు అన్నది తెలిస్తేనే ఫలానావాడు ఎవరో తెలుస్తుంది.

ఈ సోదంతా ఎందుకంటారా? ప్రతి టీములోనూ ఏడాదికి ఒకసారైనా ఎవరో ఒక కొత్త కుర్రాడు ఈ ప్రశ్న అడుగుతాడు. "క్వెరీ రిజల్ట్‌ని ఫైల్లోకి ఎక్స్‌పోర్ట్ చేస్తుంటే కాలమ్స్ వరస మారిపోతోందండీ, ఏం చేయాలి?" సీనియర్ల దగ్గర జవాబు ఎప్పుడూ రెడీగా ఉంటుంది. "హెడర్ ఉంది కదా, చూసుకుంటార్లే. అసలు రిలేషనల్ మోడల్లో కాలమ్స్‌కి ఆర్డర్ అంటూ ఏమీ లేదు తెలుసా?" పాపం ఆ కుర్రాడు నిజమే కాబోలనుకుని వెళ్ళిపోతాడు. టికెట్ "వోంట్ ఫిక్స్" అయిపోతుంది.

ఆ జవాబు పుస్తకం ప్రకారం సగం నిజం. బయట, అంటే ఆ ఫైల్ చేరే చోట, పూర్తిగా తప్పు. నా మటుకు నాకు కాలమ్స్ వరస అనేది అలంకారం కాదు, అది డేటాలో భాగం. ఎందుకో చెప్పడానికి మన కంప్యూటర్ల కంటే చాలా పాతదైన ఒక టేబుల్ దగ్గరికి తీసుకెళ్తాను.

మూడో నంబరు లెక్క

మాది మహానంది పక్కన ఒక పల్లె. మహానంది అంటే అందరికీ గుడి, కోనేరు గుర్తొస్తాయి. అడుగున పడ్డ నాణెం కూడా పైకి కనిపించేంత తేటనీళ్ళు, కరువు సీమలో ఏడాది పొడుగునా ఊరుతుండే ఊట. ఆ నీళ్ళు గుడి దాటి బయటికొచ్చి పొలాలకి పారతాయి. అందుకే రాయలసీమ అనగానే బీడు భూములు ఊహించుకుని వచ్చినవాళ్ళు మా దగ్గర అరటి తోటలు చూసి ఆశ్చర్యపోతుంటారు. 2022 ఏప్రిల్ 4 నుంచి మేము కర్నూలు జిల్లా కాదు, నంద్యాల జిల్లా.

నీళ్ళున్న చోట భూమికి విలువ, భూమికి విలువ ఉన్న చోట కాగితానికి విలువ. ఆ కాగితం పేరు అడంగల్. గ్రామ లెక్కల్లో ఇది మూడో నంబరు లెక్క. కరణాలు రాసిన రోజుల్లో పెద్ద పుస్తకం. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాక కూడా ఆ లెక్క మాత్రం పోలేదు. 2015లో మీభూమి పోర్టల్ వచ్చాక ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. రాసే చెయ్యి మారింది, పుస్తకం పోయి స్క్రీన్ వచ్చింది, టేబుల్ మాత్రం దాదాపు అదే. సర్వే నంబరు, విస్తీర్ణం, భూమి స్వభావం, శిస్తు, జలాధారం, ఖాతా నంబరు, పట్టాదారు పేరు, అనుభవదారు పేరు... ఇలా సాగుతుంది.

ఇందులో పట్టాదారు, అనుభవదారు అనే రెండు కాలమ్స్‌ని కాస్త గుర్తుపెట్టుకోండి. పట్టాదారు అంటే భూమి ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషి. అనుభవదారు అంటే నేల మీద నిజంగా సేద్యం చేసుకుంటున్న మనిషి. రెండూ ఒకరే అయితే గొడవ లేదు. కానీ కౌలు ఉన్న చోట, అన్నదమ్ముల మధ్య పంపకాలు తేలని చోట, పట్టా ఇంకా చనిపోయిన పెద్దాయన పేరు మీదే నడుస్తున్న చోట ఆ రెండు గడుల్లో రెండు వేరు వేరు పేర్లుంటాయి. మా పల్లెల్లో ఇలాంటివి కోకొల్లలు.

మా చిన్నాయనకి చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది. పోయినసారి ఊరికి వెళ్ళినప్పుడు ఆయన అడంగల్ ప్రింట్ తీసిచ్చాను. అద్దాలు పెట్టుకుని, హెడర్ వైపు చూడనైనా చూడకుండా, నేరుగా మధ్యలో వేలు పెట్టాడు. "ఈడుండేది మీ జేజినాయన పేరు. దాని పక్కన నాది. సరిపోయింది పో" అని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పైన రాసింది చదవవా చిన్నాయనా?" అన్నాను.

"పైన చదివేదేముంది రా, ముందు పట్టా, పక్కన అనుభవం. మా నాయన కాలం నుంచీ అంతే కదా" అన్నాడు.

ఆయన యూజర్ ఇంటర్‌ఫేస్ అదీ. హెడర్ చదవడు, స్థానం చదువుతాడు. ఆయనొక్కడే కాదు. పంట రుణం ఇచ్చే బ్యాంకులో రోజుకి వంద కాగితాలు చూసే గుమస్తా కూడా అంతే. రోజూ అదే ఫారం చూసేవాడి కన్ను నేరుగా ఆ గడి మీదకే పోతుంది. పక్కన కర్ణాటకలో ఇది ఇంకో అడుగు ముందుకెళ్ళింది. అక్కడ పహణీలో కాలమ్ 9 అంటే యజమాని, 11 అంటే ఇతర హక్కులు, అప్పులు, 12 అంటే సాగు వివరాలు. "నీ పేరు తొమ్మిదిలో ఉందా, పన్నెండులో ఉందా?" అని రైతులే అడుగుతారు. అక్కడ నంబరే పేరైపోయింది. వరస చెప్తే మనిషిని చెప్పినట్టే.

ఇప్పుడు ఎక్స్‌పోర్ట్‌లో ఈ రెండు కాలమ్స్ తారుమారయ్యాయనుకోండి. హెడర్ కూడా వాటితోపాటే మారింది, కాబట్టి టెక్నికల్‌గా ఫైల్ కరెక్టే. కానీ మా చిన్నాయన చేతికొచ్చిన కాగితం ప్రకారం భూమి ఆయనదే, ఎప్పుడో కాలం చేసిన మా జేజినాయన మాత్రం ఇంకా పొలంలో అరటి గెలలు కోస్తున్నాడు! నవ్వొచ్చినా, ఇదే కాగితం కోర్టులోనో, అన్నదమ్ముల పంచాయితీలోనో బయటికొస్తే నవ్వు రాదు. తెలంగాణలో 2020లో వచ్చిన ధరణిలో అనుభవదారు కాలమ్ లేకపోవడం మీద ఎన్నేళ్ళు రభస జరిగిందో పేపర్లు చదివేవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. కాలమ్ ఉండటం, లేకపోవడం, ఎక్కడ ఉండటం... మనకి స్కీమా, వాళ్ళకి బతుకు.

అక్షర క్రమం చేసే అఘాయిత్యం

ఏ కాలమైనా తారుమారు కావచ్చు కదా, ఈ రెండింటి గురించే ఎందుకింత పట్టుదల అని అడగొచ్చు. రెండు కారణాలున్నాయి.

మొదటిది: విస్తీర్ణం ఉండాల్సిన చోట పేరు వస్తే గుడ్డివాడికైనా తెలుస్తుంది. లోడ్ చేసే ప్రోగ్రామ్ కూడా నంబరు రావాల్సిన చోట అక్షరాలొచ్చాయని అరుస్తుంది. కానీ పేరు ఉండాల్సిన చోట ఇంకో పేరు వస్తే? రెండూ స్ట్రింగులే, రెండూ రెడ్డిగారో, నాయుడుగారో, శెట్టిగారో. వ్యాలిడేషన్ పాస్. టెస్ట్ పాస్. అరిచేవాళ్ళు ఎవరూ లేరు.

రెండోది ఇంకా విచిత్రం. చాలా లైబ్రరీలకి వరస తెలియకపోతే ఏం చేస్తాయి? కాలమ్ పేర్లని అక్షర క్రమంలో పేరుస్తాయి. ఇప్పుడు చూడండి. తెలుగులో అనుభవదారు, పట్టాదారు. "అ" ముందు, "ప" తరవాత, కాబట్టి తారుమారు. అవే మాటలు ఇంగ్లీషు లిపిలో రాసినా "ఏ" ముందు, "పి" తరవాత, తారుమారే. పోనీ ఓనర్, కల్టివేటర్ అని ఇంగ్లీషు మాటలే పెడదామా? "సి" ముందు, "ఓ" తరవాత. మళ్ళీ తారుమారే! అదే తెలుగులో యజమాని, సాగుదారు అని పెడితే మాత్రం "య" ముందు, "స" తరవాత కాబట్టి బతికిపోతాం. అంటే ఒక రైతు కాగితం సరిగ్గా ఉంటుందా లేదా అన్నది ప్రోగ్రామర్‌కి ఆ రోజు ఏ పేరు తోచిందన్న దాని మీద ఆధారపడిందన్న మాట. ఇదీ మన ఇంజనీరింగ్.

కాడ్ గారు ఏమన్నారు?

"రిలేషనల్ మోడల్లో ఆర్డర్ లేదు" అనేవాళ్ళు చాలామంది కాడ్ గారి 1970 నాటి పేపర్ చదివి ఉండరు. ఐబీఎంలో ఉన్నప్పుడు రాసిన ఆ పేపర్లో ఆయన మొదట రిలేషన్ అంటే కాలమ్స్ వరసకి ప్రాముఖ్యం ఉన్నదిగానే నిర్వచిస్తాడు. ఆ తరవాత ఒక చిక్కు చూపిస్తాడు. ఆయన ఉదాహరణ యంత్ర భాగాలది. ఒక కాలమ్‌లో విడిభాగం, ఇంకో కాలమ్‌లో అది ఏ పెద్ద భాగంలో ఇముడుతుందో ఆ భాగం. రెండూ భాగాలే, రెండూ ఒకే రకం విలువలు. ఏది దేనిలో భాగమో వరస వల్లే తెలుస్తోంది. ఇలా వరసలన్నీ గుర్తుపెట్టుకోవడం వాడేవాళ్ళకి భారం కాబట్టి, ప్రతి కాలమ్‌కీ అది పోషించే పాత్రని బట్టి ఒక పేరు పెట్టి, వాళ్ళని వరసతో పనిలేకుండా చేద్దాం అంటాడు.

చూశారా? ఆయన ఉదాహరణ కూడా అచ్చం మన పట్టాదారు, అనుభవదారు లాంటిదే. ఒకే రకం విలువలుండే రెండు కాలమ్స్. ఆయన వరసని తీసేసింది అది అనవసరమని కాదు, దాని బదులు పేరు ఆ పని చేస్తుందని. అంటే పేరు చదివేవాడు ఉన్నంత వరకే వరసతో పనిలేదు. పేరు చదవని చోటికి డేటా వెళ్ళిందంటే వరస మళ్ళీ ప్రాణం పోసుకుంటుంది.

తమాషా ఏమిటంటే ఎస్‌క్యూఎల్ కూడా కాడ్ గారి మాట పూర్తిగా వినలేదు. సెలెక్ట్ స్టార్ కొడితే ఒక వరసలోనే వస్తుంది. ఇన్ఫర్మేషన్ స్కీమాలో ఆర్డినల్ పొజిషన్ అని ప్రతి కాలమ్‌కీ ఒక నంబరు ఉంటుంది. ఆర్డర్ బై 2 అని రాయొచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా, యూనియన్ చేసేటప్పుడు ఎస్‌క్యూఎల్ కాలమ్స్‌ని కలిపేది పేరుని బట్టి కాదు, వరసని బట్టి. కాలమ్ లిస్ట్ లేకుండా ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్లోకి ఇన్సర్ట్ చేసినా అంతే.

దీనితో ఏమవుతుందో నేను దగ్గరుండి చూశాను. మా ప్రాంతంలో అరటి కొనే ఒక సంస్థ, పేరు అనవసరం. రైతుల వివరాలకి ఏడాదికో టేబుల్. అందులో తోట సొంతదారు పేరు ఒక కాలమ్, గుత్తకి తీసుకుని పండించేవాళ్ళ పేరు ఇంకో కాలమ్. డబ్బు పోవాల్సింది పండించినవాళ్ళకి. ఒక ఏడాది ఎవరో కొత్త టేబుల్ కట్టేటప్పుడు ఆ రెండు కాలమ్స్ అటుదిటు రాశారు. పేర్లు కరెక్టే, డేటా కరెక్టే. కొన్నాళ్ళకి "అన్ని ఏళ్ళవీ కలిపి ఒక లిస్ట్ కావాలి" అన్నారు. సెలెక్ట్ స్టార్, యూనియన్ ఆల్, సెలెక్ట్ స్టార్. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. హెడర్ మొదటి టేబుల్‌ది వచ్చింది. దాని కింద సగం వరసలు సరిగ్గా, సగం తలకిందులుగా.

ఆ లిస్ట్ పట్టుకుని చెల్లింపులు జరిగాయి. కొంతమంది గుత్తదారుల డబ్బు సొంతదారుల ఖాతాల్లో పడింది. కొందరు మంచివాళ్ళు తిరిగిచ్చారు. కొందరు "పాత గుత్త బాకీకి జమ చేసుకున్నాం" అన్నారు. అప్పు తెచ్చి, ఎరువులు కొని, గాలివానకి చెట్లు పడకుండా కర్రలు పాతిన మనిషి మాత్రం ఆఫీసు చుట్టూ తిరిగాడు. అక్కడ పనిచేసే మిత్రుడు పిలిస్తే వెళ్ళి చూశాను. కారణం దొరకడానికి రెండు రోజులు పట్టింది, ఎందుకంటే ఏ ఒక్క టేబుల్ తీసి చూసినా తప్పు లేదు. తప్పు టేబుళ్ళలో లేదు, వాటి మధ్య వరసలో ఉంది. అక్కడి ఐటీ పెద్దాయన మాత్రం చివరిదాకా "డేటా అంతా కరెక్టే కదా" అంటూనే ఉన్నాడు.

వరస ఎక్కడెక్కడ పోతుంది?

సరే, థియరీ చాలు. మామూలుగా మన పైప్‌లైన్లలో వరస జారిపోయే చోట్లు ఇవీ:

1. హ్యాష్‌మ్యాప్. జావాలో రిజల్ట్ సెట్‌ని వరస తర్వాత వరస హ్యాష్‌మ్యాప్‌లో వేసుకుని, ఆ కీల మీద తిరుగుతూ ఫైల్ రాస్తే వచ్చే వరసకి ఎవరూ హామీ ఇవ్వరు. దీనికి మందు లింక్‌డ్‌హ్యాష్‌మ్యాప్, 2002లో జావా 1.4తోనే వచ్చింది. ఇన్నేళ్ళయినా ఇదే బగ్గు చూస్తూనే ఉన్నాను. గో భాషవాళ్ళు నయం, మ్యాప్ మీద తిరిగినప్పుడల్లా కావాలనే వరస మారుస్తారు, దాని మీద ఆధారపడే దురలవాటు ఎవరికీ రాకుండా.

2. పాత పైథాన్ స్క్రిప్టులు. డిక్షనరీలో వేసిన వరస నిలుస్తుందని భాషే హామీ ఇచ్చింది 3.7 నుంచి, అంటే 2018లో. అంతకు ముందు కాలపు పాండాస్ డిక్షనరీ నుంచి డేటాఫ్రేమ్ కడితే కాలమ్స్‌ని అక్షర క్రమంలో పెట్టేసేది. పైన చెప్పిన అఘాయిత్యం అచ్చంగా ఇదే. ఏదో ఆఫీసులో మూల పడి ఉన్న సర్వర్లో ఇలాంటి స్క్రిప్టు ఇప్పటికీ రాత్రి పూట లేచి నడుస్తూనే ఉంటుంది, దెయ్యంలాగా.

3. జేసన్. ఆబ్జెక్ట్‌లో కీలకి వరస లేదని స్టాండర్డే చెప్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో మామూలు జేసన్ టైపు ఇచ్చింది ఇచ్చినట్టు దాచుకుంటుంది, జేసన్‌బీ మాత్రం కీలని పొట్టివి ముందు, పొడుగువి తరవాత పేరుస్తుంది. ఇంగ్లీషు లిపిలో రాస్తే పట్టాదారు అనే మాట అనుభవదారు కంటే పొట్టి కాబట్టి ఈ రెండింటి వరకూ అదృష్టవశాత్తూ సరిగ్గానే వస్తాయి. ఇలా అదృష్టం కొద్దీ సరిపోయేవే అసలు ప్రమాదం. టెస్ట్ చేసిన రోజు బాగుంటుంది, ఎవరో కాలమ్ పేరు మార్చిన రోజు కూలుతుంది.

4. ఆల్టర్ టేబుల్. మైఎస్‌క్యూఎల్‌లో ఫలానా కాలమ్ తరవాత అని చెప్పి మధ్యలో దూర్చొచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో కొత్త కాలమ్ ఎప్పుడూ చివరికే పోతుంది. ఒరాకిల్‌లో 12సి నుంచి కాలమ్‌ని కనిపించకుండా చేయొచ్చు, కానీ మళ్ళీ కనిపించేట్టు చేస్తే అది వరసలో చివరికొచ్చి నిలబడుతుంది. ఊళ్ళో లేని కొడుకు తిరిగొచ్చి బంతిలో ఆఖరి ఆకు దగ్గర కూర్చున్నట్టు. ఇక జిల్లాలు విడిపోయినప్పుడు కొత్త జిల్లా కోడ్ అని ఒక కాలమ్ చేర్చాల్సి వచ్చిందనుకోండి. డెవలప్‌మెంట్‌లో టేబుల్ కొత్తగా కడతారు, అక్కడ ఆ కాలమ్ మొదట్లో ఉంటుంది. ప్రొడక్షన్‌లో ఆల్టర్ చేస్తారు, అక్కడ చివర్లో ఉంటుంది. సెలెక్ట్ స్టార్ రెండు చోట్లా రెండు రకాలుగా వస్తుంది.

5. ఖాళీ విలువలు. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

చుక్కల భూములు

మన ఆంధ్రా వైపు రెవెన్యూ రికార్డులన్నిటికీ తల్లి లాంటిది ఆర్‌ఎస్‌ఆర్, అంటే రీసెటిల్‌మెంట్ రిజిస్టర్. బ్రిటిష్‌వాళ్ళ కాలంలో తయారైంది. ఇంగ్లీషు, తెలుగు రెండు భాషల్లోనూ ఉంటుంది కాబట్టి డైగ్లాట్ అనే పేరు కూడా ఉంది. అందులో కొన్ని సర్వే నంబర్లకి పట్టాదారు కాలమ్‌లో పేరు లేదు. పేరు రాయాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేశారు. అవే చుక్కల భూములు. ఆ చుక్కలకి అర్థం ఏమిటి, ప్రభుత్వ భూమా, యజమాని తేలని భూమా అన్న ప్రశ్న తరతరాలు నడిచింది. సాగు చేసుకుంటున్నవాళ్ళకి అమ్మడానికి లేదు, అప్పు పుట్టదు. చివరికి వాటిని తేల్చడానికి 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రత్యేకంగా ఒక చట్టమే చేసింది.

మన భాషలో చెప్పాలంటే అవి నల్ విలువలు. నల్ అంటే ఏమిటని మనం డెబ్బైల నుంచీ కొట్టుకుంటున్నాం, వాళ్ళు అంతకు ముందు నుంచీ కొట్టుకుంటున్నారు. కానీ ఆ రాసిన గుమస్తాకి నేను దణ్ణం పెడతాను. పేరు తెలీకపోతే గడి ఎగ్గొట్టలేదు, పక్క గడిలోది ఇటు జరపలేదు. చుక్కలు పెట్టి ఆ చోటు నిలబెట్టాడు. చుక్కలకి అర్థం ఏమిటన్న దాని మీద తగువు పడొచ్చు గానీ, ఆ చుక్కలు ఏ కాలమ్‌వి అన్న తగువు మాత్రం లేదు.

మన టూల్స్‌కి ఆ పాటి బుద్ధి లేదు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఫర్ జేసన్ అని రాస్తే నల్ ఉన్న కాలమ్‌ని మామూలుగా అసలు రాయనే రాయదు, ఇంక్లూడ్ నల్ వాల్యూస్ అని ప్రత్యేకంగా అడగాలి. ఎక్స్ఎంఎల్‌కి కూడా అలాంటి షరతే. ఇప్పుడు దాన్ని అందుకునే ప్రోగ్రామ్ మొదటి రికార్డు చూసి కాలమ్స్ లిస్ట్ తయారుచేసుకునే రకం అనుకోండి (ఇలాంటివి బోలెడు). మొదటి రికార్డులో పట్టాదారు ఖాళీ అయితే ఆ కాలమ్ లిస్ట్‌లోనే ఉండదు. లేదా రెండో రికార్డులో కనిపించాక తీసుకెళ్ళి చివర్లో తగిలిస్తుంది. ఒక్క రైతు పేరు ఖాళీగా ఉన్నందుకు ఊరందరి కాగితాలూ వరస తప్పుతాయి.

మరేం చేయాలి?

పేరుతో మ్యాచ్ చేయడమే సరైన పద్ధతి అనేవాళ్ళతో నాకు పేచీ లేదు, మెషిన్ నుంచి మెషిన్‌కి వెళ్ళేటప్పుడు. ప్రోగ్రామ్ ప్రోగ్రామ్‌తో మాట్లాడితే పేరుతోనే మాట్లాడాలి, వరస మీద ఆధారపడకూడదు. కానీ మెషిన్ నుంచి మనిషికి వెళ్ళేది వరసతోనే వెళ్ళాలి, పేరుని మాత్రమే నమ్ముకోకూడదు. మనం చేసే గందరగోళమంతా ఈ రెండింటినీ కలిపేయడం వల్లే. నేను పాటించేవి ఇవి:

సెలెక్ట్ స్టార్ ఎక్స్‌పోర్ట్‌లో నిషిద్ధం. కాలమ్ పేర్లన్నీ ఒక్కొక్కటిగా, ఫారంలో ఉన్న వరసలో రాయాలి. ముప్పై కాలమ్స్ ఉన్నాయా? ముప్పైయ్యీ రాయండి. ఒకసారి రాసే పనే కదా. యూనియన్‌లో అయితే రెండు వైపులా రాయాలి, తప్పదు.

ఆ వరస ప్రోగ్రామర్ బుర్రలో కాకుండా ఒక చోట రాతపూర్వకంగా ఉండాలి. ఒక వ్యూ అయినా సరే, ఒక చిన్న టేబుల్ అయినా సరే. ఫారం పేరు, కాలమ్ నంబరు, కాలమ్ పేరు, ఇంతే. ఎక్స్‌పోర్ట్ రాసే ప్రతి ప్రోగ్రామూ అక్కడి నుంచే వరస తీసుకోవాలి. పైథాన్‌లో డిక్ట్‌రైటర్‌కి ఫీల్డ్ నేమ్స్ లిస్ట్ ఇవ్వాల్సింది కూడా అక్కడి నుంచే.

హెడర్‌లో పేరు పక్కన నంబరు కూడా వేయండి. పాత ఫారాల్లో కాలమ్ పేరు కింద 1, 2, 3 అని ఒక వరస ఉంటుంది చూడండి, అది ఊరికే పెట్టింది కాదు. కాగితం చింపి ఇచ్చినా, జెరాక్స్‌లో పైభాగం పోయినా చదవగలగాలని.

కొత్త కాలమ్ వస్తే చివరికే. తీసేసిన కాలమ్ చోటు ఖాళీగా ఉంచండి, దాని నంబరు ఇంకొకదానికి ఇవ్వకండి. అవసరమైతే చుక్కలు పెట్టండి :)

టెస్ట్ రాయండి. రిజల్ట్‌లో ఎన్ని వరసలొచ్చాయో చూసే టెస్ట్ కాదు, మొదటి లైన్ అక్షరం అక్షరం సరిపోయిందా అని చూసే టెస్ట్. పోస్ట్‌గ్రెస్ 15లో (2022) కాపీ కమాండ్‌కి హెడర్ మ్యాచ్ అని ఒక ఆప్షన్ వచ్చింది. ఫైల్లో హెడర్ పేర్లు టేబుల్ వరసతో సరిపోకపోతే లోడ్ చేయనంటుంది. ఇంత మంచి గుణం ఇన్నాళ్ళకి వచ్చినందుకు బాధపడాలో, కనీసం వచ్చినందుకు సంతోషించాలో తెలీదు. ఇంకా ఒకే రకం విలువలుండే కాలమ్ జతలు ఏవేవి ఉన్నాయో వెతికి, వాటికి ప్రత్యేకంగా టెస్ట్ డేటా పెట్టండి. పట్టాదారు, అనుభవదారు, పంపినవారు, అందుకున్నవారు, డెబిట్ ఖాతా, క్రెడిట్ ఖాతా, పేషెంట్ పేరు, తీసుకొచ్చినవారి పేరు. టెస్ట్ డేటాలో రెండు గడుల్లోనూ ఒకే పేరు పెట్టకండి. అలా పెడితే తారుమారైనా ఎప్పటికీ తెలియదు.

(సర్వే నంబరు 5/2 అని ఉంటే ఎక్సెల్ దాన్ని తారీకుగా మార్చేయడం ఇంకో భాగోతం. అది మరెప్పుడైనా.)

ఇదంతా చేస్తే పని పెరుగుతుంది కదా అంటారు. పెరుగుతుంది. ఓ పూట పని. ఒక్క విషయం మాత్రం ఆలోచించండి. మనం ఎక్స్‌పోర్ట్ అని పిలిచేది డేటాబేస్ నుంచి డేటా బయటికెళ్ళడం మాత్రమే కాదు. అది ప్రశ్న అడగగలిగినవాళ్ళ దగ్గర్నుంచి అడగలేనివాళ్ళ దగ్గరికి వెళ్ళడం. మనకి అనుమానం వస్తే ఇంకో క్వెరీ రాసుకుంటాం, స్కీమా చూసుకుంటాం, లాగ్ తీస్తాం. అవతల కాగితం పట్టుకున్న మనిషికి ఉన్నది ఆ కాగితమే. అందులో ఎడమ నుంచి ఎన్నో గడి అన్నదే ఆయన దగ్గరున్న స్కీమా. అది ఆయన నాన్న దగ్గర నేర్చుకున్నాడు, ఆయన నాన్న కరణం దగ్గర విని నేర్చుకున్నాడు. దాన్ని ముందు చెప్పకుండా మార్చే హక్కు మన లైబ్రరీలకి గానీ, మనకి గానీ లేదు.

కాబట్టి ఈసారి ఎవరైనా కుర్రాడు వచ్చి "కాలమ్స్ వరస మారుతోందండీ" అంటే కాడ్ గారి పేరు చెప్పి పంపించకండి. ఆ ఫైల్ చివరికి ఎవరి చేతికి వెళ్తుందో అడగండి. ఇంకో ప్రోగ్రామ్‌కైతే సరే, నవ్వి ఊరుకోండి. మనిషికైతే ఆ టికెట్ తెరిచి ఉంచండి, ప్రయారిటీ పెంచండి. కుర్రాడిని మెచ్చుకోండి కూడా. వావి వరసలు తెలిసినవాడు దొరకడం ఈ రోజుల్లో కష్టం.